ముసలమ్మ తేర్చిన నీళ్ళు

ప్రభుత్వ కాయితాల్లో ముసలమ్మ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. "స్థానిక గృహిణి ఒకరు తప్పుడు నీటి నమూనా అందజేసినందున మొదటి నివేదికలో పొరపాటు దొర్లినది." అందులో అబద్ధం లేదు. నా ఒళ్ళు మండేది అందుకే. అబద్ధమైతే కాదని చెప్పి ఊరుకోవచ్చు. నిజాన్ని ముక్క విరిచి ఆ ముక్కతో మనిషిని కొడితే ఏం చెయ్యాలి? మిగతా ముక్క రాయాలి. రాస్తున్నాను.

ఆమె పేరే ముసలమ్మ. గ్రామదేవత పేరు. పుట్టిన రోజు నుంచీ అదే. బళ్ళో హాజరు పిలిచినప్పుడు తోటి పిల్లలు పడీపడీ నవ్వేవారట. "ఇప్పుడెవుడూ నవ్వడు, వయసు పేరుని అందుకుంది కదా" అంటుంది. నేను రాస్తున్న రోజులకు ఆమెకు యాభై దాటాయి. మా ఊరు సన్నగెడ్డ. పలాసలో బస్సెక్కితే గంట, దిగాక ఇసకలో నడక. మా నాన్న అక్కడి బళ్ళో మాస్టారు. ఆయన కొడుకుని కాబట్టి నన్ను ఊరంతా ఫణిబాబు అంటారు. ఆ 'బాబు'లో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో విడదీయలేం. పలాసలో బీయస్సీ రెండో ఏడు మానేసి వచ్చినవాడికి అంతకన్నా ఏం దక్కుతుంది?

ఊరికీ సముద్రానికీ మధ్య పల్లంలో తంపర ఉంది. వానలకు నిండి, వేసవికి సగం ఎండే పెద్ద మడుగు. ఒక కొస ఊరి వైపు, ఇంకో కొస సముద్రం వైపు. పెద్ద పోటు వచ్చినప్పుడు ఆ రెండో కొసన ఉప్పునీరు ఎక్కుతుంది. ఊరి కొసన ముసలమ్మా, ఆమె మొగుడు కూర్మనాథమూ కొబ్బరి డొక్కలు నానబెట్టేవారు. పీచు కావాలంటే డొక్క నానాలి. అంచు బురదలో డొక్కలు పాతి, పైన మట్టలు కప్పి, నెలల తరబడి వదిలేస్తారు. మెత్తబడ్డాక తీసి చెక్కతో బాదితే పీచు విడిపోతుంది. మోకాలి లోతు నల్ల బురదలో నిలబడి, అడుగున చెయ్యి పెట్టి, డొక్క పండిందో లేదో వేళ్ళతో నొక్కి చెప్పగలదు ముసలమ్మ. ముప్ఫై ఏళ్ళు చేసింది ఆ పని. ఇంటికి చుట్టపు చూపుగా వచ్చేదనాలి, బతికింది తంపరలోనే.

తొంభై తొమ్మిది అక్టోబరు తుఫానుకి మా తోటలు నేలమట్టమయ్యాయి. నిలబడ్డ చెట్టు కన్నా పడుకున్న చెట్టు ఎక్కువ. దారులు తెరవడానికి ఒక కాంట్రాక్టరు బుల్డోజరు తెచ్చాడు. పడిపోయిన మానులు, మట్టలు, జీడి కొమ్మలు ఊరి బయటికి మోసుకెళ్ళి పారబోయాలి, అదీ ఒప్పందం. మోసుకెళ్ళడం ఎందుకు, ఎదురుగానే తంపర ఉంది కదా! ఊరి కొసన, డొక్కలు నానే చోట, మొత్తం లోపలికి తోసేశాడు. ముసలమ్మ బండికి అడ్డం వెళ్ళింది.

"ఇది డొక్కలు నానే సోటు బాబూ."

"నీ డొక్కలు తోడు లేక ఏడుస్తున్నాయి. ఇవీ నానతాయిలే," అన్నాడు.

మరుసటి వేసవిలో తాగునీటికని ఇంకో బండి వచ్చింది. సరిగ్గా ఆ మానులు మునిగిన చోటుకి పది అడుగుల దూరంలో బోరింగు వేశారు. పల్లం కదా, నీరు తొందరగా తగులుతుంది, తొందరగా ఇంటికి పోవచ్చు. ఊరి వెనక ఇసక మెట్ట మీద తియ్యటి నీళ్ళ బావి ఒకటుంది, అక్కడ వెయ్యమని మా నాన్నే చెప్పాడు. ఎండలో మెట్ట ఎక్కే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆ బోరింగు నీళ్ళ విచిత్రం ఒకటుంది. కొట్టినప్పుడు అద్దంలా ఉంటాయి. బిందెలో గంట ఉంచితే ఎర్రబడతాయి. రాత్రి వండిన అన్నం ఇటిక రంగు, ఉతికిన పంచె కావి రంగు. ఊళ్ళో చాలామంది ఎర్రబడక ముందే తాగేస్తే సరి అనుకున్నారు. తెల్లగా ఉన్నదే మంచిదని ఎవరనుకోరు?

ముసలమ్మ మాత్రం వాళ్ళ అత్త నేర్పిన పని చేసేది. ఒకదాని మీద ఒకటి రెండు బానలు. పై బాన అడుక్కి చిల్లి పెట్టి, గుడ్డ అడ్డం వేసి, మెట్ట ఇసక నింపేది. నీళ్ళు ముందు ఒక పూట వెడల్పు కుండలో తేరనిచ్చి, ఆపైన ఇసక బానలో పోసేది. కింద బానలోకి దిగిన నీళ్ళు రంగూ, కనరు రుచీ లేకుండా ఉండేవి. వారానికోసారి ఇసక కడిగి, ఆ ఎర్ర మడ్డి తీసుకెళ్ళి తంపరలోనే పోసి వచ్చేది. తంపరది తంపరకే ఇచ్చెయ్యాలని ఆ అత్తే చెప్పిందట.

కూర్మనాథానికి ఈ సంబరమేమీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టు మీద డొక్కలు ఒలవడం, దాహమేస్తే బోరింగు మూతికి నోరు పెట్టడం. "పనికాడ మొగోడికి బానేటి, గలాసేటి?" అనేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

రెండువేల నాలుగు జనవరిలో నీళ్ళ సర్వే జీపు వచ్చింది. ఊరూరా నీటి నమూనాలు తీసి పరీక్షకు పంపుతున్నారు. బాగాలేని చోట బోరింగు మూసి వేరే నీళ్ళిస్తారు, బాగున్న చోట పెద్ద ట్యాంకు కట్టి ఇంటింటికీ, బడికీ కుళాయిలు వేస్తారు. రోజుకూలీకి సీసాలు మోసే మనిషి కావాలన్నారు. నేను వెళ్ళాను. సన్నగెడ్డ వంతు వచ్చేసరికి మిట్ట మధ్యాహ్నం. జీపులో పెద్దమనిషి వేపచెట్టు నీడ చూసుకుని నడుం వాల్చాడు. "నువ్వు పట్టుకొచ్చెయ్యి. ఫారం నింపి సంతకం పెట్టు," అని సీసా నా చేతికిచ్చాడు.

బోరింగు హ్యాండిలు బోల్టు ఊడిపోయి ఉంది ఆ రోజు. నేను సీసాతో నిలబడి చూస్తుంటే పక్కనే ఉన్న ఇంట్లోంచి ముసలమ్మ పిలిచింది.

"ఏటి ఫణిబాబూ, సీసాలు పట్టుకొని దొంగ సారా యాపారమేటి?"

"నీళ్ళ పరీక్షకి. పట్నం పంపుతారు."

"పరీచ్చకా? ఇలా తే." సీసా లాక్కుని కింద బానలో ముంచింది. "అలికిన ఇల్లు సూపించాలి గాని పెంటకుప్ప సూపిత్తామేటి? పట్నమెల్లే నీల్లు ఎర్రగా ఎల్తే ఊరి పరువేటవుతాది? బంగారంలాటి నీల్లు ఇత్తన్నాను, పట్టుకుపో."

నేను ఒక్క క్షణం తటపటాయించాను. ఫారంలో 'నీరు సేకరించిన చోటు' అని ఉంది. బోల్టు బిగించేవాడు వచ్చేదాకా ఎండలో ఉండాలా? 'చేతి పంపు' అని రాసి సంతకం పెట్టాను. రసాయన శాస్త్రం రెండేళ్ళు చదివి పెట్టిన సంతకం అది. ఆవిడ చేసింది పరువు కోసం. నేను చేసింది బద్ధకం వల్ల.

ఆరు నెలలకు నివేదిక వచ్చింది. సన్నగెడ్డ తంపర గట్టు బోరింగు: ఇనుము లేదు, ఆర్సెనిక్ లేదు, తాగడానికి భేషుగ్గా పనికొస్తుంది. గట్టు మీదే పెద్ద బోరు వేసి ట్యాంకు కట్టాలని తీర్మానం. ఊళ్ళో పండగ. ముసలమ్మ అందరి కన్నా గర్వపడింది. "సూసావా, నా నీల్లు పాసయ్యాయి. నువ్వే తప్పావు," అని నన్ను ఆటపట్టించింది.

మరుసటి ఫిబ్రవరిలో గీతిక మేడమ్ వచ్చింది. విశాఖపట్నంలో పరిశోధన చేసే అమ్మాయి. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద ఉంటుందేమో. చెరువుల అడుగు మట్టి మీద ఆమె చదువు. తాటి దోనె మీద తంపర మధ్యకి వెళ్ళి పొడవాటి ప్లాస్టిక్ గొట్టం బురదలోకి దింపి, మూత బిగించి, నిలువునా మట్టి పైకి తీసేది. నేను గొట్టాలు మోసేవాణ్ణి. గొట్టం లోపల పైన వేలెడు మందాన గోధుమ రంగు మట్టి. దాని కింద మూరెడు పొడుగునా కాటుక నలుపు.

గట్టు మీద డొక్కలు బాదుతున్న ముసలమ్మ అది చూసి నవ్వింది. "ఓలమ్మా, ఈ బురద కోసం అంత దూరం నుంచి వచ్చావేటి? సెప్తే బుట్టలో ఎట్టి పంపేదాన్ని."

"ఈ నలుపెందుకో తెలుసా అమ్మా మీకు?"

"తెలవకేటి. గాలి తగలదు. గాలి తగిలిన కాడ ఎర్రమట్టి, తగలని కాడ నల్లమట్టి. నల్లదాంట్లోనే డొక్క పండుతాది."

మేడమ్ నోటు పుస్తకం తీసింది. చదువుకున్నవాళ్ళు ముసలమ్మ మాట రాసుకోవడం నేను చూడడం అదే మొదలు.

"డొక్క ఎలా పండుతుందంటారు?"

"దాన్ని తినేది ఏదో ఉంటాది. కంటికి ఆనని పురుగు. ఊరికే నీల్లలో ఉంటే మెత్తబడిపోద్దేటి? బిందెలో ఏసి సూడు, ఏడాదైనా పండదు. ఇంకోటి సెప్తాను, రాసుకో. సముద్రం మూల నానబెడితే కుల్లిన గుడ్ల కంపు కొడతాది. ఈ మూల ఆ కంపుండదు, నీటి మీద నెమలి రంగుల పొర తేల్తాది. అక్కడి పురుగు యేరు, ఇక్కడి పురుగు యేరు."

గీతిక మేడమ్ గట్టు మీద చతికిలబడింది. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత మేరకు ఇదీ. మనం అన్నం తింటాం, గాలి పీలుస్తాం. నల్ల బురదలో గాలి లేదు. అక్కడ బతికే సూక్ష్మజీవులు డొక్కలూ ఆకులూ తింటాయి, ఊపిరికి మాత్రం గాలికి బదులు తుప్పును వాడుకుంటాయి. మట్టి రేణువుల మీద తుప్పు పల్చటి పూతలా అంటుకుని ఉంటుంది. ఎక్కడెక్కడి కొండల నుంచో వేల ఏళ్ళుగా కొట్టుకొచ్చిన కాస్త పాషాణాన్ని, అంటే ఆర్సెనిక్‌ని, ఆ పూతే గట్టిగా పట్టి ఉంచుతుంది. అలా ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. ఈ జీవులు తుప్పును కరిగించేసరికి పట్టు వదులుతుంది. పాషాణం నీళ్ళలోకి దిగుతుంది. కొన్నయితే నేరుగా పాషాణాన్నే ఊపిరికి వాడుకుని ఇంకా సులువుగా కదిలేలా చేస్తాయి. సముద్రం మూల సంగతి వేరు. ఉప్పునీటిలోని గంధకంతో బతికే జీవులవి, గుడ్ల కంపు వాటిదే. ఆ గంధకం పాషాణాన్ని కొంతవరకు మళ్ళీ కట్టి పడేస్తుంది.

"తిండి ఎంత ఎక్కువుంటే అవి అంత చురుగ్గా పనిచేస్తాయి. ఇక్కడ వాటికి ఇంత తిండి ఎక్కడిది?" అంది మేడమ్.

ముసలమ్మ చెయ్యి చాపి నీళ్ళు చూపించింది. నీటి మట్టం తగ్గి, మునిగిన కొబ్బరి మానుల వీపులు నల్లగా పైకి తేలి ఉన్నాయి. అయిదేళ్ళుగా కుళ్ళుతున్న తోట.

"మా డొక్కలూ తింటాయి, కాదన్ను," అంది. "గాని మా అత్త కాలం నుంచీ డొక్కలు నానాయి. అప్పుడీ మానులూ నేవు, ఇక్కడ బోరింగూ నేదు."

అప్పుడే కూర్మనాథం బోరింగు దగ్గర నీళ్ళు తాగి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. మేడమ్ అతని చేతుల వంక చూసింది. అరచేతుల నిండా బఠాణీ గింజల్లాంటి గట్టి బుడిపెలు. చొక్కా లేని ఛాతీ మీద దుమ్ములో చినుకులు పడినట్టు మచ్చలు.

"ఎన్నాళ్ళ నుంచి ఇవి?"

"డొక్కలు ఒలిసే సేతులమ్మా. గట్టిపడవేటి?"

"ఒకసారి అరికాళ్ళు చూపిస్తారా?"

చూపించాడు. అక్కడా అవే.

"కాల్లతో కూడా ఒలుత్తావేటి మావా?" అంది ముసలమ్మ. ఎగతాళిగానే మొదలుపెట్టింది, చివరికొచ్చేసరికి ఆ పాదం చేతిలోకి తీసుకుంది.

"మా ఉద్దానంలో కిడ్నీల జబ్బు కూడా ఇందువల్లేనా?" అని నేను అడిగాను.

"అది నేను చెప్పను. అది వేరే ప్రశ్న, దానికింకా జవాబు లేదు. ఈ చేతుల సంగతి మాత్రం అనుమానించి తీరాలి," అంది. చిన్న సీసా తీసి, అందులో ఏదో చుక్క వేసి, బోరింగు నీళ్ళు అప్పటికప్పుడు పట్టి మూత బిగించింది. ఆ చుక్క ఏమిటని ముసలమ్మ అడిగింది.

"యాసిడ్. ఇది వెయ్యకపోతే నీళ్ళలో ఇనుము గాలి తగిలి తుప్పవుతుంది. పాషాణాన్ని వెంటేసుకుని సీసా అడుక్కి దిగిపోతుంది. పైన నీళ్ళు పరీక్ష చేస్తే ఏమీ లేదని వస్తుంది."

ముసలమ్మ చేతిలో చెక్క కింద పెట్టింది. "అంటే... తేరిత్తే ఇసం కిందకి దిగిపోద్దా?"

"చాలా వరకు. మీలా ఇసకలో వడకడితే ఇంకా."

"మరి దిగిందంతా ఏటవుతాది?"

"ఆ ఎర్ర మడ్డిలోనే ఉంటుంది."

"ఆ మడ్డి నేను వారం వారం తంపరలో పోత్తన్నాను."

మేడమ్ చూపు గొట్టంలోని నలుపు మీదికి వెళ్ళింది. నల్ల బురదలో పడ్డ తుప్పు ఆ జీవులకు మళ్ళీ ఊపిరి. ముసలమ్మకి అది అర్థమైంది. దాని వెనకే అసలుది కూడా అర్థమై నా వైపు తిరిగింది.

"ఫణిబాబూ, పట్నమెల్లిన సీసా నా బానలోది కదా?"

"అవును."

"అయితే పాసయ్యింది బోరింగు కాదు. నా బాన." బడి వైపు చూసింది. "బడిలో కుళాయి ఎడతారు. ఆ పిల్లగుంటలు బానలో తేర్సుకొని తాగుతారేటి?"

ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే పని. తను ఇచ్చిన నీళ్ళ మీద ఆ ట్యాంకు లేవకూడదు.

మేడమ్ పరీక్షలో బోరింగు నీళ్ళలో పాషాణం పరిమితికి ఆరింతలు తేలింది. ఆ కాయితం పట్టుకుని మార్చిలో నేనూ ముసలమ్మా టెక్కలి నీళ్ళ ఆఫీసుకి బయల్దేరాం. ఆమె నెత్తి మీద పై బాన. ఏళ్ళ తరబడి లోపల పేరుకున్న ఎర్రటి పెచ్చు అలాగే ఉంది. బస్సులో కండక్టరు తొంగి చూసి, "ఏటమ్మా, కాళీ బానని ఊరు తిప్పుతున్నావా?" అన్నాడు.

"కాళీ కాదు నాయినా, ఊరు ఊరంతా ఇందులోనే ఉంది. జాగర్తగా తోలమను."

ఆఫీసులో ఏఈ గారు, అంటే అసిస్టెంటు ఇంజనీరు, మమ్మల్ని రెండు గంటలు బెంచీ మీద కూచోబెట్టాడు. ఆ తర్వాత మేడమ్ కాయితం పైపైన చూసి, "స్టూడెంట్ టెస్ట్. ఇది మా ఫైల్లో చెల్లదు. మా రిపోర్టు మాకు ఉంది," అన్నాడు.

"ఆ రిపోట్టు తప్పు బాబూ. ఆ నీల్లు బోరింగువి కావు. నేను తేర్సినవి. తప్పు నాదే." బల్ల మీద బాన పెట్టి చూపించింది. "ఇసం ఇందులో మిగిలిపోనాది. సూడండి."

ఏఈ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చినా మరిచిపోను. "అయితే తేర్చుకుంటే మంచినీళ్ళే అవుతున్నాయిగా! ఊరందర్నీ తేర్చుకోమను. ప్రాబ్లమ్ సాల్వ్."

జనానికి మంచినీళ్ళివ్వడానికి జీతం తీసుకునే మనిషి అన్న మాట అది. ఒక ఆడమనిషి ముప్ఫై మైళ్ళు బాన మోసుకొచ్చి తన తప్పు తనే ఒప్పుకుంటుంటే! నేను గొంతు పెంచాను. బడి పిల్లల మాటెత్తాను. ఎవరు నువ్వన్నాడు. ఆ ఫారం మీద సంతకం నాదేనన్నాను.

"ఓహో. అయితే తప్పుడు సంతకానికి ముందు నీ మీద కేసు పెట్టాలి."

దాచుకోవడమెందుకు, భయపడ్డాను. ముసలమ్మే, "ఆడి మీదెందుకు బాబూ, సీసా ముంచింది నా సెయ్యి," అంది. బాన నెత్తికెత్తుకుని బయటికి నడిచింది. బస్సులో నేను తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాను. ఆమె బాన ఒళ్ళో పెట్టుకుని విన్నది. "తిట్టుకి తుప్పు రాలదు. ఆడు ఎప్పుడైనా మనూరు రావాలి కదా," అంది.

వచ్చాడు. ఏప్రిల్‌లో ట్యాంకు పునాదికి ముగ్గు పోయించడానికి. ఊరు ఊరంతా గట్టు మీద. మమ్మల్ని చూడగానే నలుగురి ముందూ తేల్చేద్దామనుకున్నాడు కాబోలు, నేరుగా బోరింగు దగ్గరకు వెళ్ళి గబగబా కొట్టాడు. స్ఫటికంలా పడ్డాయి నీళ్ళు.

"ఏదమ్మా ఎరుపు? ఏదీ?" గ్లాసు నింపి గటగటా తాగేశాడు. జనం చప్పట్లు కొట్టారు. మా ఊరి జనమే. కుళాయిల మీద వాళ్ళకంత ఆశ.

ముసలమ్మ తెల్ల పింగాణీ బేసిను ఒకటి పంపు కింద పెట్టింది. "ఇందులో కూడా మీ సేత్తోనే కొట్టండి బాబూ." కొట్టాడు. దాన్ని అందరికీ కనబడేలా తన ఇంటి అరుగు మీద, ఎండలో పెట్టింది. ఆయన జీపు వైపు నడుస్తుంటే ఎదురెళ్ళి చేతులు జోడించింది.

"నాదే తప్పు బాబూ, మిమ్మల్ని ఇబ్బంది ఎట్టాను. మా ఇంట్లో రెండు మెతుకులు తిని ఎల్లండి. పచ్చి జీడిపిక్కల కూర, బారువ నెత్తళ్ళు."

ఏప్రిల్లో పచ్చి జీడిపప్పు కూరను కాదన్న ఉద్యోగిని మా జిల్లాలో నేను చూడలేదు. అరుగు మీద కూచున్నాడు. అప్పటికి పొయ్యి వెలిగించనేలేదని నాకు తెలుసు. జీడిపిక్కలు ఇంకా చీల్చలేదు. ఒక్కో పిక్కా చీల్చి, పప్పు తీసి, పొర ఒలుస్తూ తాపీగా కబుర్లు చెప్పింది. ఎసరు రెండుసార్లు మార్చింది. "ఎంతసేపమ్మా?" అంటే, "అయిపోనాది బాబూ, జీడిపిక్క మెత్తబడాలి కదా. తొందరపడితే గొంతు పడతాది," అంది. కూర్మనాథం విసనకర్ర పట్టుకుని ఎదురుగా కూచుని విసిరాడు. ఏఈ చూపు రెండు మూడుసార్లు ఆ అరచేతి మీద పడి, తప్పుకుంది.

గంటన్నర పట్టింది. ఏఈ కడుపునిండా తిన్నాడు. కూర మెచ్చుకున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళడిగాడు. ముసలమ్మ అరుగు మీది బేసిను రెండు చేతులా పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టింది. తెల్ల పింగాణీలో నీళ్ళు ఇటిక రంగుకు తిరిగి, అడుగున మెత్తటి ఎర్ర మడ్డి దిగుతోంది.

"ఇదేం నీళ్ళు?"

"మీరు తాగినవే బాబూ. మీ సేత్తో కొట్టినవే. మీ కల్లెదుటే ఉన్నాయి, ఎవులూ ముట్టుకోనేదు."

చప్పట్లు కొట్టిన జనమే బేసిను చుట్టూ మూగారు.

"ఎరుపు ఇసం కాదు బాబూ. ఎర్రబడ్డాక అది కిందకి దిగుతాది. అద్దంలాగున్నప్పుడే నీల్లలో ఉంటాది. మీ రిపోట్టులో ఇనుము నేదని రాసారు కదా. ఇంత తుప్పు ఎక్కడి నుంచొచ్చింది మరి?"

ఆయన ఎంగిలి చేత్తోనే నన్ను పక్కకు పిలిచాడు. "ఒక్క గ్లాసుకి ఏమైనా అవుతుందంటావా?"

"ఏమీ కాదు సార్. మావాళ్ళు అయిదేళ్ళుగా తాగుతున్నారు," అన్నాను.

ఆ సాయంత్రమే ముగ్గు ఆగిపోయింది. వారం తిరక్కుండా మళ్ళీ జీపు వచ్చింది. ఈసారి యాసిడ్ చుక్క వేసిన సీసాలతో, నీడ వెతుక్కోని మనుషులతో. జూన్‌లో రెండో నివేదిక వచ్చింది. మేడమ్ చెప్పిన లెక్కకు కాస్త అటూ ఇటూ. బోరింగు హ్యాండిలు తీసేసి, తాగకూడదని గుర్తుగా ఒంటికి ఎర్ర రంగు పూశారు. మరుసటి ఏడు మెట్ట బావి దగ్గర ట్యాంకు లేచింది. ఆ బోరింగు వేసిననాడే మెట్ట ఎక్కే ఓపిక ఉండి ఉంటే కూర్మనాథం చేతులు ఇలా అయ్యేవి కావు. ఆ బుడిపెలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ముసలమ్మ బానల్లో మిగిలిన ఎర్ర మడ్డిని తంపరలో పొయ్యకుండా మెట్ట మీద, నీరు నిలవని చోట, మూత ఉన్న గోతిలో పోసింది. డొక్కలు సముద్రం మూలకు మార్చింది. రోజూ అరగంట ఎక్కువ నడక. ఎవరూ మార్చమనలేదు.

ట్యాంకు ఆలస్యం ఎందుకైందని పైనుంచి అడిగితే ఆఫీసు పంపిన జవాబులో ఉంది నేను మొదట రాసిన ఆ వాక్యం. మా నాన్న బడికి ఒక నకలు వస్తే చదివాను. తోసిన మానుల ఊసు లేదు. పల్లంలో బోరింగు వేసిన సంగతి లేదు. వేపచెట్టు కింద పడుకున్న మనిషి లేడు. నా సంతకం కూడా లేదు. ఒక్క గృహిణి ఉంది.

ముసలమ్మకి చదివి వినిపించాను. సముద్రం మూల బురదలో నిలబడి వింది.

"గురుహిణి అంటే ఏటి?"

"ఇంటిపట్టున ఉండే ఆడమనిషి."

"నేనింటికాడ ఎప్పుడున్నాను?" అంది ఆశ్చర్యంగా. డొక్క ఒకటి పైకి తీసి వేలితో నొక్కి, పండలేదని మళ్ళీ తొక్కింది. "పేరు రాయనేదా?"

"రాయలేదు."

"రాయమను. తప్పు నాది కదా, పేరుండాలి. మానులు తోసినోడి పేరూ రాయమను, బోరింగు ఏసినోడిదీ రాయమను. నీదీ. ఎవుడి తప్పు ఆడికి ఇచ్చీమను."

దరఖాస్తు రాశాను, నా పేరు ముందు పెట్టి. రెండేళ్ళయింది, జవాబు లేదు. నీరు తగ్గినప్పుడు ఆ మానుల వీపులు ఇంకా తేలుతూనే ఉన్నాయి.